ఎలుగు

పార్సిల్ అట్ట చింపితే జానెడు పట్టా.
నల్లగా, పళ్ళు పళ్ళుగా, ఎవరో సగానికి విరిచిన దువ్వెనలా.
"రైలంటారే దీన్ని" అన్నాడు దండాసి చిన్నాన్న.
రైలంటే నాకు పలాసలో ఆగేదే తెలుసు.

అరుగు మీద గోనె పరిచి తుపాకీని పడుకోబెట్టాడు.
మడత విప్పి, జంట గొట్టాల్లోంచి
ముందు తను ఆకాశం చూసి, తర్వాత నన్ను చూడమన్నాడు.
"ఏటీ నేదు గదా? నేదని ఇద్దరు సెప్పాల."
రెండు గుండ్రటి ఆకాశాలు,
ఒకదాంట్లో కొబ్బరి మట్ట కొస.

మందస బ్యాంకు గుమ్మంలో పద్దెనిమిదేళ్ళు
ఒళ్ళో పిల్లలా మోశాడు దీన్ని.
ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్లో అప్పగించి
రసీదు మడిచి చొక్కా జేబులో పెట్టుకునేవాడు.
ఒక్కనాడూ పేలలేదు.
దీపావళికైనా, అని పిన్ని ఎత్తిపొడుపు.

మరిప్పుడెందుకంటే, ఎలుగు.
పనసలు ముగ్గేవేళకి కొండ దిగి తోటల్లోకొస్తుంది.
పోయినేడు కామయ్య బుగ్గకి ఇరవై రెండు కుట్లు.
"సంపడానికి కాదే. సంపితే జైలు.
ఎక్కడుందో అగుపిస్తే సాలు,
ఆకాశంలోకో దెబ్బ, పారిపోద్ది.
కళ్ళా మసక. ఎలుగుని సూడాలంటే ఎలుగుండాల."
మా ఊళ్ళో రెండిటికీ ఒకటే మాట.

మరలు చీమ తలకాయలంత. ఆయన చెయ్యి వణుకుతుంది.
నావి కాశీబుగ్గ జీడిబట్టీ వేళ్ళు.
జీడినూనెకి తోలూడి, మళ్ళీ మొలిచి, మళ్ళీ ఊడి
రేషను మిషను గుర్తుపట్టని వేళ్ళు.
ఆ వేళ్ళతోనే గొట్టానికి పాత సైకిల్ ట్యూబు చుట్టి
కట్టు తొడిగి, నాలుగు మరలూ
ఇటు కొంచెం, అటు కొంచెం,
నులకమంచం బిగించినట్టు.
మొదటిసారి పట్టా ఎడమకి ఒరిగింది.
రెండోసారి ట్యూబు చిరిగింది.
మూడోసారికి పిన్ని పెట్టిన టీ మీద మీగడ కట్టింది.
చిన్నాన్న బొటనవేలితో నెట్టి చూశాడు. కదల్లేదు.
టార్చి ఎక్కించి నొక్కితే
పట్టపగలే గోడ మీద పళ్ళెమంత తెల్లటి మచ్చ.

మూడో రాత్రి, కోడింకా కూయలేదు,
రాలిన పిక్కలు ఏరుకుందామని తట్టతో తోటకెళ్ళాను.
ఎండుటాకులు గలగలమన్నాయి. నా కాళ్ళ కిందే.
అంతే, వచ్చి రొమ్ము మీద పడింది పళ్ళెం.

వెలుగు వెనక మనిషుండడు.
చిన్నాన్న లేడు, తోట లేదు,
అటునుంచి ఊపిరి చప్పుడొక్కటే.
బిగించిన మరలు గుర్తొచ్చాయి, ఒక్కొక్కటీ,
ఎంత కదలకుండా బిగించానో.
దీంతో దేన్ని చూడాలన్నా
ముందు దానికి గురిపెట్టాలని
పార్సిల్ అట్ట మీద ఎవరూ రాయలేదు.

ఎలుగెత్తి అరిచాను:
"నానే, చిన్నాన్నా! నానే!"

పళ్ళెం కిందకి జారి జీడాకుల మీద వణికింది.
చాలాసేపు ఆరలేదు.

పొద్దున్న అరుగు మీద మళ్ళీ గోనె.
మళ్ళీ మడత విప్పి, ఆయనా, నేనూ, ఆకాశం.
ఏటీ నేదు, అన్నాను.
ఆయన ఆ మాటైనా అనలేదు.
టార్చి తీసి నా తట్టలో పడేశాడు.
మరల మీద చెయ్యెయ్యబోతే నెట్టేశాడు.
ఆ వణుకు చేత్తో తనే విప్పుతుంటే
ఎండ అరుగెక్కింది.

మూడు దొరికాయి.
నాలుగోది ఇసకలో పడింది,
కోళ్ళు కెలుకుతున్నాయి.