లస్కరు డ్యూటీ

కాలవలు కట్టేసి పదకొండు రోజులు.
లొల్ల లాకుల కింద బురద బీటలిచ్చింది,
తలుపుల ఇనుముకి ఎండిన నాచు వేలాడుతోంది.
నా గదిలో ఫ్యాను తిరుగుతోంది గాని గాలి లేదు.
మధ్యాహ్నం మూడున్నర.
తెర మీద, సముద్రాల అవతలి కొండ మీద,
అర్ధరాత్రి.

మాస్కు పంపాను.
నలభై ఆరు జతల కడ్డీలు
ఎదురెదురుగా జరిగి
వెంట్రుకవాసి సందు వదిలి ఆగాలి.
ఒక్కో సందుకి ఒక్కో గెలాక్సీ.
నలభై అయిదు ఆగాయి.
పదిహేడోది మొరాయించింది.

"తుప్పు పట్టిందాండీ?" అన్నాడు తాతారావు.
కాలవ కట్టేస్తే లస్కరుకి పనుండదు,
గుమ్మంలో కూచుని ముంజలు ఒలుస్తూ
నా డ్యూటీ చూస్తాడు.
తుప్పు కాదు, చలి అన్నాను.
సున్నాకి నూట యాభై డిగ్రీల దిగువన ఉంటుంది ఆ పెట్టె.
వేడున్నదల్లా వెలుగే దాని కంటికి.
మనిద్దరం వెళ్ళి పక్కన నించుంటే
రెండు పెట్రోమాక్సు లైట్లం.
"అయితే మన ఊరు దానికి రోజూ తీర్థమే"
అని మెడ మీది చెమట తుడుచుకున్నాడు.

నాలుగు చదరాల్లో నాలుగు నక్షత్రాలు కుదిరాయి.
ఇక రెండు నిమిషాలు చూడ్డం,
టెలిస్కోపుని గోరంత పక్కకి జరపడం,
మళ్ళీ రెండు నిమిషాలు.
మొదటిదాంట్లోంచి రెండోది తీసెయ్యడం.
ఎందుకంటే ఆకాశమూ ఊరికే ఉండదు,
చీకటికి తనదైన మెరుపొకటుంది,
మాకదే పెద్ద అడ్డం.
రాత్రిలోంచి రాత్రిని తీసేస్తే
మిగిలిందే మా కూలి.

ముప్ఫై ఒక్క ఏళ్ళు తూము తలుపులు తిప్పినవాడు తాతారావు.
ఎగువవాళ్ళు రాత్రి గండి కొట్టుకుంటే
శివారువాళ్ళు పొద్దున్నే వచ్చి
తన చొక్కా పట్టుకునేవారట.
నక్షత్రాల సంగతి అడగడు.
"ఆ పదిహేడోది ఎవరిదండీ?" అంటాడు.

ఎవరిదని చెప్పను?
జాబితాలో అందరికన్నా దూరం,
వెయ్యి కోట్ల ఏళ్ళ నాటి వెలుగు,
నడిచి నడిచి ఎరుపుని కూడా దాటి సాగిపోయింది.
శివారు, అన్నాను.

ముంజ చేతిలోనే ఆగింది.
"బిగిసిన తలుపుని బలవంతం చెయ్యకూడదు.
కాస్త వెనక్కి తిప్పి, అప్పుడు ముందుకి."

ఆ ఆదేశం మాకూ ఉంది.
కానీ మాస్కంతా విప్పి మళ్ళీ అమర్చాలి,
నక్షత్రాలు మళ్ళీ కుదరాలి,
ఇరవై నిమిషాల రాత్రి పోతుంది
నలభై అయిదుగురు ఎదురుచూస్తుండగా.
కరెంటు పోయింది. ఇన్వర్టరు కీచుమంది.
ఫ్యాను ఆగాక గదిలో ఈగ చప్పుడు.

నొక్కాను.
కడ్డీలన్నీ ఒక్కసారి వెనక్కి పోయి
బొమ్మలో ఆకాశమంతా వరద.
తర్వాత ఒకటి, రెండు, మూడు,
వరసగా మూసుకుంటూ వస్తున్నాయి.
పద్నాలుగు దగ్గర
తాతారావు లేచి నించున్నాడు.