అనుభవం అన్న గడి

బ్యాంకు ప్యానెల్ దరఖాస్తులో
అనుభవం అన్న చోట రెండే గీతలిచ్చారు.
ఇరవై రెండేళ్ళు, స్థిరాస్తి, నిర్మాణ వివాదాలు, అమలాపురం
అని రాసేశాక
ఒక గీత మిగిలిపోయింది.

దాంట్లో నాన్న పట్టడు.
కొత్తపేట చుట్టుపక్కల సుబ్బారాయుడు మేస్త్రి అంటే చెబుతారు.
వేసవి సెలవుల్లో నా చేతికి గుండుతాడు ఇచ్చి
"గోడ అబద్ధమాడితే ఇది ఊరుకోదు, చూస్తా ఉండు" అనేవాడు.
నేను చూసేదాన్ని కాదు.
సిమెంటు బస్తా మీది అక్షరాలు కూడబలుక్కునేదాన్ని.

నల్లకోటు వేసిన ఆరో ఏట
చేపల చెరువు పూడ్చి లేపిన అయిదంతస్తుల కేసు.
బోనెక్కిన ఇంజనీరు
"మెత్తనేల కదండీ, బీటలు సహజం" అంటుంటే
పైల్స్ ఎన్నడుగులు దింపారన్నాను.
స్తంభంలో రింగుకీ రింగుకీ ఎంత ఎడం అన్నాను.
ఆయన జేబురుమాలు తీశాడు.
ఆ సాయంత్రం మా సీనియరు అడిగారు,
ఏ పుస్తకంలో చదివావమ్మా ఇదంతా?
ఇసుక జల్లెడ పట్టిన చేతులు
ఫైలు కింద దాచుకున్నాను.
ఇప్పుడైతే దాచను.

గెలిచినవి సరే.
ఒకసారి లంకలోంచి సూరాయమ్మ వచ్చింది,
పడవ దిగి, బస్సెక్కి,
పాలిథిన్ సంచీలో దస్తావేజు.
ఎనిమిది కుంచాలు.
తూర్పు: గోదావరి.
"మా హద్దు మా వైపే నడిచొచ్చేసిందండి" అంది.
నిజమే, ఆ ఏటి వరదకి
తూర్పు హద్దు వెళ్ళి పడమర హద్దుని తాకింది.
ఈసీ తీయిస్తే ముప్పై ఏళ్ళూ శుభ్రంగా ఉంది.
నది పేరున ఒక్క లావాదేవీ లేదు.
"నీళ్ళ మీద కేసు పడదా అమ్మా?"
ఫీజు అడగలేదు, కేసూ వెయ్యలేదు,
అయినా చక్కరకేళి అత్తం ఒకటి
బల్ల మీద పెట్టి వెళ్ళింది.
పండేదాకా గది అంతా అదే వాసన.

నాలుగేళ్ళకి అవతలి గట్టున ఇసుక మేట వేసింది.
రాజమండ్రి నుంచెవరో కంచె పాతి
రిసార్టుకని కాగితాలు పట్టుకొచ్చారు, టైటిల్ చూడమని.
మా జూనియరు హద్దులు పైకి చదివాడు.
పడమర: గోదావరి.
మళ్ళీ చదవమన్నాను.
ఆ మేటలో ఎన్ని కుంచాలు ఎవరివో
ఏ సర్వే గొలుసు చెబుతుంది?
అభిప్రాయం రాయకుండా ఫైలు తిరిగిచ్చేశాను.
ఆ నెల అద్దె ఆలస్యంగా కట్టాను.

బ్యాంకు కుర్రాడు ఫోను చేశాడు,
రెండో గీత ఖాళీగా ఉందండి, కంప్యూటరు తీసుకోదు.
ఇసుక జల్లెడ పట్టిన అనుభవం కలదు, అని రాయనా?
నవ్వాడు.
మీ ఇష్టం మేడమ్,
యాభై అక్షరాలు దాటకుండా చూడండి.