మూడొందల పదిహేడో గది నిశ్శబ్దం

మా సినిమాకు పెట్టుబడి
తోర్నికే వాళ్ళ మామయ్య అమ్మేసిన మోటారు సైకిలు.
నెత్తురంటే బీట్‌రూట్ రసంలో కాస్త తేనె,
పొగమంచుకు నూత్సా కాల్చిన సిగరెట్లు.
దయ్యం కట్టుకున్నది కుతైసీ హాస్టల్ దుప్పటి.
అంచున నీలిసిరా ముద్ర
మూడు షాట్లలో కనబడుతుంది, వెతికితే.

కథ మామూలే.
ఐదుగురు విద్యార్థులు, పాడుబడ్డ మేడ, ఒక్క రాత్రి.
ఆ ఐదుగురమూ మేమే,
బయటివాళ్ళను పిలిస్తే కూలి ఇవ్వాలని.
అందరికన్నా ముందు నన్ను చంపేశారు.
నేను చస్తేగాని
మైకు పట్టుకునేవాడు లేడు.

ట్స్కాల్టుబోలో
మాంగనీసు గని కార్మికుల శానిటోరియం అది.
ఒకప్పుడు సోవియట్ కీళ్ళన్నీ
ఇక్కడి వేన్నీళ్ళలో నానేవి.
ఇప్పుడు పాలరాతి మెట్లను చీల్చుకుని అంజూరపు మొక్క,
నాట్యశాల నిండా పావురాల రెట్టలు.
"నరమానవుడు లేడు" అన్నాడు తోర్నికే,
లైటు వేసి చూస్తే
స్తంభానికీ స్తంభానికీ మధ్య తాడు,
తాడు మీద ఆరేసిన లంగాలు, ఒక ఊదారంగు స్వెట్టరు.

త్సియాలా అత్త
యుద్ధం తరిమితే ఒచామ్‌చిరే నుంచి
పదిహేను రోజులు తలదాచుకుందామని వచ్చింది.
ముప్పై ఏళ్ళయింది.
మూడో అంతస్తు, మూడొందల పదిహేడు.
గోడకు తొలిచిన రంధ్రంలోంచి పొయ్యి గొట్టం,
బాల్కనీలో డబ్బాల్లో కొత్తిమీర.
"దయ్యాల సినిమానా? తీసుకోండర్రా,
మెట్లు మాత్రం ఊడ్చి వెళ్ళండి."

మీకు తెలియకపోవచ్చు,
ప్రతి గదికీ దాని నిశ్శబ్దం దానికే ఉంటుంది.
ఒక గదిది ఇంకో గదికి అతకదు.
అందుకని వెళ్ళేముందు అందరూ ఊపిరి బిగబట్టి నిలబడాలి,
నిమిషం పాటు ఆ ఉత్త గాలిని పట్టి దాచుకోవాలి,
తర్వాత మాటల మధ్య చిల్లులు పూడ్చుకోవడానికి.
స్నానాల గదిలో పట్టాను, నాట్యశాలలో పట్టాను,
చివరికి త్సియాలా అత్త గదిలో.
ఆమె టీ గ్లాసు వొళ్ళో పెట్టుకుని
ఫొటో తీయించుకుంటున్నంత బిగుసుకుని కూర్చుంది.
యాభయ్యో సెకనులో, మెల్లగా,
"అయిందా, బిడ్డా?"

పళ్ళు కొరుక్కున్నాను.
మళ్ళీ పట్టడానికి బ్యాటరీ లేదు.

కాలేజీ భోజనశాల గోడ మీద వేశాం బొమ్మ.
హాస్టల్ దుప్పటి వచ్చినప్పుడు
జనం నవ్వారు, ఈలలు కూడా వేశారు.
అందరూ కెవ్వుమన్నది ఒక్కచోటే.
నూత్సా ఏడుస్తూ ఉంటుంది, ఆమె వెనక
చాలా వెనక, నడవ చివర
కొవ్వొత్తి పట్టుకుని ఏదో వంగి
ఇటు నుంచి అటు దాటుతుంది.
అది మేం తీసింది కాదు.
ఎడిటింగులో కూడా ఎవరికంటా పడలేదు.
నా వెన్ను జలదరించింది.

ముందు వరసలో పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటున్న
త్సియాలా అత్త లేచి నిలబడింది.
"అది నేనే! బకెట్టుతో! ఆ వారమంతా కొళాయి రాలేదుగా!"
చప్పట్లు ఆగలేదు చాలాసేపు.

బయట, కోటు గుండీలు పెట్టుకుంటూ అడిగింది,
"ఇంతకీ మీ దయ్యానిది ఏ ఊరు?"
తోర్నికే నీళ్ళు నమిలాడు.
ఎలా చచ్చిందో రాసుకున్నాం, ఎవరు చంపారో రాసుకున్నాం,
ఊరు రాసుకోలేదు.
"ఊరే లేకపోతే
రాత్రంతా ఎక్కడికి పోదామని నడుస్తుందర్రా అది?"
మినీబస్సు వచ్చింది. ఎక్కేసింది.

మేడను హోటలు వాళ్ళు కొన్నారని విన్నాను.
ఆమెకు ఊరవతల తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు ఇచ్చారట,
లిఫ్టు పనిచేస్తే చేస్తుంది.
ఆ గదికి ఇప్పుడు ఏ నంబరో,
దాని నిశ్శబ్దం మాత్రం నా దగ్గరుంది,
యాభై సెకన్లు.
తక్కువపడ్డ పదీ
మెట్ల దగ్గరి నిశ్శబ్దంలోంచి కత్తిరించి అతికించాను.
ఎవరూ కనిపెట్టలేదు.