కొలతల పుస్తకం

బరంపురం బడబజారులో
మందుల షాపు పక్క సందులో నా మిషను.
ఇరవై రెండేళ్లు. నిండిన కొలతల పుస్తకాలు పదకొండు.

టేపు చుట్టగానే అందరూ ఊపిరి బిగబడతారు.
అంకె పైకి చదవొద్దంటారు.
"చేతులు మోచేతి దాకా పెట్టక్కా",
"టికే ఢిలా",
"ఇక్కడ కండ కనపడకుండా చూడు".
ఒకావిడైతే అద్దానికి వీపు తిప్పి నిలబడి
పెళ్లినాటి కొలతే రాయమంటుంది.
రాస్తాను.
కత్తెర మాత్రం నా కంటి మాటే వింటుంది.

మొన్న గోపాలపూర్ ఒడ్డు నుంచి సుభాసిని వచ్చింది,
ఎండుచేపల దానమ్మ మనవరాలు.
బరువులెత్తుతుందట,
గోళ్ల సందుల్లో సుద్ద ఇంకా పోలేదు.
దండ చుట్టు వేశాను. పద్నాలుగు.
అలవాటుగా గొణిగాను.
"గట్టిగా చదువక్కా,
పోయినేడు పన్నెండున్నరే!"
మరి చేతులెంత పొడుగు? అన్నాను.
"అసలొద్దు."

ఆ రాత్రి షట్టరు సగం దించి
స్టూలు మీద కాలు పెట్టాను.
పెళ్లిచూపుల్లో ఎవరో "మగపిక్కలు" అన్నప్పటి నుంచి
కుచ్చిళ్ల కింద దాచుకున్న కాలు.
మోటారు పెట్టించుకోమని ఈయన పోరు,
నేనే వినలేదు, ఎందుకో.
తొక్కీ తొక్కీ పిక్క రాయిలా ఉంది,
నొక్కితే వేలే వెనక్కొచ్చింది.

పదిహేను, పైన రెండు గీతలు.

పన్నెండో పుస్తకం మొదటి పేజీ.
పేరు రాయలేదు.
పైకి చదివాననుకుంటా,
సందులో పడుకున్న కుక్క
తలెత్తి నా వంక చూసింది.