పన్నెండు పోగులు

సూది పన్నెండు మార్లు దిగితే
పన్నెండు పోగులు వచ్చినయి.
సేమ్యా కన్నా సన్నం.
ఫార్మలిన్ సీసాల్లో మునిగి
హన్మకొండ చౌరస్తా దాటి, మెట్లు దిగి
నా బల్ల మీదికి.

సీసా మీద పేరుంటది. చదవను.
నంబరు చదువుత: రెండువేల నూట ఆరు.
పదమూడేండ్ల అలవాటు.
పేరు చదివితే చెయ్యి వణుకుతది,
చెయ్యి వణికితే మైనం చిట్లుతది.

నాలుగు మైక్రాన్లు.
కత్తి కింద మైనం రిబ్బనై జారుతుంటే
ఊపిరి బిగబట్టి కుంచెతో ఎత్తి
గోరువెచ్చని నీళ్ల మీద పరుస్త.
ముడత దానంతటదే విప్పుకుంటది.
ఈ కొలువుల నాకు నచ్చిన క్షణం అదొక్కటే.

మొదటి అద్దకం గులాబీ, ఊదా.
గ్రంథులు వరుస తప్పినయన్నది డాక్టరమ్మ.
మూడూ నాలుగూ కలిపి ఏడు.
ఏడంటే ఎటూ కాని అంకె,
ఇంట్ల కూసోమనదు, ఉరకమనదు.
"ఇంకో రెండు అద్దకాలు వెయ్యి సుభద్రా,
ఇది పండుకునేదా, నడిచేదా చూద్దాం."

కేఐ అరవై ఏడు.
ఒకటి రెండయ్యే తొందరలో ఉన్న కణాలకు
గోధుమరంగు అంటుతది.
వందకు పదకొండు లెక్కవెట్టిన.
పీటెన్. కావలి ఉన్నకాడ రంగు.
తొమ్మిదో పోగులో
ఆవగింజంత జాగల
రంగు పట్టలేదు.

శనివారం పొద్దున నంబరే నడిచొచ్చింది.
కొత్తవాడ జంపఖానాల మనిషి, కూచన మార్కండేయులు.
నలభై ఏండ్లు గుంటమగ్గంలోకి కాళ్లు దించినోడు
మా ఎత్తు స్టూలు మీద
కాళ్లు ఎక్కడ పెట్టాల్నో తెలవక చూస్తున్నడు.
"నా పోగులేనా? ఒక్కపారి సూడనియ్యి బిడ్డా."
చూపియ్యొద్దు.
చూపించిన.

అద్దాలు నెత్తి మీదికి నెట్టి
సొసైటీల సరుకు పట్టినట్టు
చానాసేపు వంగి చూసిండు.
"ఈడ పేక వదులైంది."
నిజమే.
"ఈడ రంగెందుకు పట్టలే? నూలు మంచిగ ఉడకబెట్టలేదా?"
మంచిగనే ఉడికింది పెద్దయ్యా,
ఆడ ఉండాల్సిన కావలి లేడు.
"అయితే చిరుగుతదా?"
చిరగొచ్చు.
"ఎన్నడు?"

నా దగ్గర ఒక పట్టిక ఉన్నది.
ఏ దేశంలోనో వెయ్యిమందిని లెక్కవెట్టి
ఐదేండ్లకు ఇంతమంది, పదేండ్లకు ఇంతమంది
అని రాసింది.
ఆ వెయ్యిమందిలో కొత్తవాడ మనిషి ఒక్కడు లేడు.
నోరు తెరిచి మూసిన.

ఆయనే అన్నడు:
"జంపఖానా తిరగేస్తే
చిరుగు యాడ మొదలైతదో నేను చెప్త.
ఎన్నడో చెప్పలేను.
అది తొక్కే కాళ్లను బట్టి ఉంటది."

డాక్టరమ్మ వచ్చింది. తలుపు పడ్డది.
అద్దం తలుపే గని
మాట వినపడదు.

పోయేటప్పుడు మళ్లా నా బల్ల కాడికొచ్చిండు.
"ఆ గోధుమరంగు దేనితోని అద్దుతరు?"
డాబ్ అంటరు, అన్న.
రిపోర్టు కవరు వెనక రాయించుకున్నడు.
"పక్కా రంగు," అన్నడు,
"కడిగితే పొయ్యేది కాదు."

దిమ్మలన్నీ అరలో ఉన్నయి.
మే నెల. కరెంటు పోతే
ఊరంత పెనం.
మైనం యాభై ఆరు డిగ్రీలకు గాని కరగదు, నాకు తెలుసు.
అయినా అర గుంజి
తొమ్మిదో దిమ్మ మీద వేలు పెట్టి చూస్త,
మార్కండేయులు మెత్తబడ్డడేమోనని.