మూడొందల లైటు

చిన్నబజారులో కరీముల్లా అంగట్లో
నాలుగొందలు చెప్పి మూడొందలకి ఇచ్చాడు.
అట్టపెట్టె మీద బొమ్మలో
వెలుగు కొండ దాటిపోతా ఉంది.
కింద రాత: రెండు కిలోమీటర్లు.
"నిజమేనా?" అన్నాను.
"పెట్టె నేను రాయలేదన్నా" అని
చిల్లర లెక్కపెట్టుకున్నాడు.

ఊటుకూరు రొయ్యల గుంటల కాడ
ఇన్నాళ్ళూ నాది మూడు బ్యాటరీల రేకు లైటు.
చరిస్తే వెలిగేది, తిడితే ఆరేది.
దానికి దగ్గర తెలీదు, దూరం తెలీదు,
ఎంతిస్తే అంతే.

ఇది అట్టా కాదు. దీనికి మెడ ఉంది.

మొదటి రాత్రి రెండు రౌండ్లు ఎగ్గొట్టి
పరీక్షలు పెట్టాను.
నా అడుగుల్లో నూటెనభై అవతల
గట్టు మీద ఆరేసిన వల
కన్నం కన్నం కనిపించింది.
కొండ సంగతి చెప్పలేను,
ఈ పక్క మాకు కొండల్లేవు.
మెడ చివరికంటా లాగితే
గుండ్రటి వెలుగు నలుచదరం అవుతుంది.
అద్దం పగిలిందనుకున్నాను మొదట.
కాదంట.
లోపలున్న బియ్యపుగింజంత దీపం
తన మొహాన్నే మోసుకుపోయి
అంత దూరాన అతికిస్తుందంట.
మోటారు షెడ్డు గోడ మీద
దాని గీతలు కూడా లెక్కపెట్టాను.

మెడ లోపలికి నొక్కితే
ముగ్గుపిండి ఒలికినట్టు కాళ్ళ ముందు పరుచుకుంటుంది.
గట్టు మీద నడవడానికి అది చాలు,
కట్లపాము ముందే చూసి పక్కకి తప్పుకుంటుంది.
చెక్ ట్రే పైకెత్తితే
రొయ్య వీపులో నల్లదారం లాంటి పేగు,
మేత నిండిందో లేదో, తేటగా తెలిసింది.
నీళ్ళ మీద వేస్తే
వేల కళ్ళు ఎర్రగా,
ఆరడం మరిచిపోయిన నిప్పురవ్వలు.

తప్పులూ చెప్పుకోవాల.
బ్యాటరీ మీద అంకె పెద్దది, ప్రాణం చిన్నది,
రెండో రౌండుకే నీరసం.
మెడ సందులో ఉప్పుగాలి దూరి
మూడోనాటికే కిర్రుమంది, కొబ్బరినూనె పూశాను.
ఇంకొకటి, ఆర్పాలంటే
రెండు మాట్లు పోలీసు జీపు మాదిరి
మినుకుమినుకుమని గానీ ఆరదు.
ఒకసారి చెయ్యి జారి రాళ్ళ మీద పడింది, బతికింది.
నీళ్ళలో వేసి చూడలేదు,
మూడొందలు నావి.

పదకొండో రాత్రి, కరెంటు పోయి
ఏరేటర్లు ఆగిన ఆ కాస్త నిశ్శబ్దంలో
నాలుగో గుంట మూల
నీళ్ళు చప్పుడు చేశాయి.
మెడ చివరికంటా లాగాను.
నలుచదరం వెళ్ళి సరిగ్గా
ఒక మొహం మీద ఆగింది,
ఫొటోకి చట్రం కట్టినట్టు, అంచు తప్పకుండా.

పోలేరయ్య.
చేతిలో విసురువల, నడుముకి తడిసిన సంచి.
పోయిన పంటకి మాతోపాటు
తెల్లారిందాకా వల లాగినోడు.
రేటు పడిపోయిందని
లీజుదారు ఆ కూలి ఇంకా ఇయ్యలా.

వాడు కదల్లేదు. రెప్ప కూడా వెయ్యలేదు.
వాడికి నేను కనపడను,
వెలుగొక్కటే కనపడుతుంది.
దాని వెనక ఎవరున్నారో
ఆ క్షణం నాకూ సరిగ్గా తెలీదు.

బొటనవేలు ఎప్పుడు కదిలిందో,
మెడ లోపలికి పోయింది.
మొహం పలచబడింది,
గట్టులో కలిసింది, నీళ్ళయింది,
వేల ఎర్రకళ్ళలో ఇంకో రెండయింది.
ఆర్పబోతే పాడు లైటు
రెండు మాట్లు మినుకుమంది.
వాడు దాన్ని ఏమని చదువుకున్నాడో.

పొద్దున లీజుదారు బండి దిగతానే
గట్టు మీద అడుగులు చూశాడు.
"రాత్రి ఎవురైనా కనిపించారా?
కొత్త లైటు కొన్నావంటనే?"

ఆయన చేతికిచ్చాను.
మెడ లాగాడు, నొక్కాడు,
మళ్ళీ లాగాడు.
అంత ఎండలో దాని పనితనం ఏం తెలుస్తుంది.

"మూడొందలది సార్" అన్నాను,
"గట్టు దాటదు."