అసలుది

శుక్రవారం రాత్రి పొగొచ్చిందట.
మూడో పాట మధ్యలో
కాలిన తారు వాసన హాలంతా కమ్మితే
డాన్సాడేవాళ్ళే వెళ్ళి తలుపులు తీశారట.

డండీలో, బేకరీ వెనక, నా కొట్టు.
వాన కారుతున్న కోటుతోనే
డూగల్ గెడిస్ ఆంప్లిఫయర్‌ని బల్లమీదికెత్తాడు,
డెబ్భై ఆరేళ్ళ చేతులతో, నన్ను పట్టనివ్వకుండా.
"ట్రాన్స్‌ఫార్మర్ మార్చెయ్, ఎఫీ.
అసలుది మాత్రం నాకు తిరిగిచ్చెయ్యాలి.
అరవై రెండులో కొన్ననాటి నుంచీ
ఈ పెట్టెకి గుండె అదే.
అలాంటి ఇనుము ఇప్పుడెక్కడిది!"

చచ్చినవాడి కళ్ళు చారెడు.
నేనేమీ అనలేదు.

ముందు కెపాసిటర్ల సంగతి.
ప్లగ్గు పీకినా సరే, వాటి కడుపులో
నాలుగు వందల వోల్టులు
కిక్కురుమనకుండా కూర్చునుంటాయి.
ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోవాలి.
మా నాన్న దగ్గర పని నేర్చిన రోజు నుంచీ
ప్రమాదమంటే చాలు, అది జేబులోకే పోతుంది.
నా పెళ్ళి సంతకాలప్పుడు కూడా పోయింది.

ఎరుపు, ఎరుపు, ఎరుపులో పసుపు చార.
ఆకుపచ్చ జంట వాల్వులకి.
పసుపు జంట రెక్టిఫయర్‌కి.
అన్నీ కాగితం మీద గీసుకుంటాను.
గుర్తుంటుందిలే అన్న నమ్మకం
ఒకసారి నా కనుబొమలు కాల్చింది.

నాలుగు బోల్టులు.
మూడు వచ్చాయి.
నాలుగోదానికి నూనె పోశాను,
టీ తాగొచ్చాను, తిట్టాను. వచ్చింది.

అప్పుడు కనిపించింది.

మిగతా అతుకులన్నీ అద్దాల్లా మెరుస్తుంటే
దీని తీగల దగ్గర మాత్రం మసకబారిన టంకం,
ముద్దలు ముద్దలుగా, ఎవరిదో తొందర చెయ్యి.
కింద రేకు మీద
ఇంకేదో చట్రం కూర్చున్న మరక, దీనికన్నా కాస్త పెద్దది.
అంచున తుడిస్తే ముద్ర: డెబ్భై నాలుగు.

అసలుది ఎప్పుడో పోయింది.
రెండు డాన్సుల మధ్య ఎవరో
చేతికందింది బిగించి, డబ్బు తీసుకొని,
నోరు మూసుకున్నారు.
మా నాన్నేమోనని వంగి చూశాను.
కాదు.
ఆయన ఇంత టంకం పారబొయ్యడు.

కొత్తదానికి రంధ్రాలు రెండు మిల్లీమీటర్లు తేడా.
అరగంట ఆకురాయి, ఒళ్ళంతా ఇనుపరజను.

మొదటిసారి స్విచ్చి వేసేటప్పుడు
దారిలో నూరు వాట్ల బల్బొకటి కాపలా పెడతాను.
భగ్గుమని, మెల్లగా తలొంచుకుంది.
తలొంచుకుంటే మంచిది.
వెలుగుతూనే ఉంటే ఎక్కడో తప్పుచేశాననే.
బల్బు తీసేశాక వాల్వులు
ఒక్కొక్కటే బొగ్గుల్లా ఎర్రబడ్డాయి.
గోడ అవతల రొట్టెలు దించుతున్నారు.

డూగల్ ఒక్క స్వరం మీటి
అది గోడల్లోకి ఇంకిపోయేదాకా చెవొగ్గి ఉన్నాడు.
"బాగుంది" అన్నాడు.
"బాగుందిగానీ, అసలుది వేరులే."

కాగితంలో చుట్టి చేతిలో పెట్టాను.
మూడు కిలోలు.
కోటులోపల దాచుకుంటూ అడిగాడు,
"లోపలంతా సవ్యంగానే ఉందా, ఎఫీ?"

"చాలా గట్టిపని, డూగల్" అన్నాను.
నా ఎడమ చెయ్యి అప్పటికే జేబులో ఉంది.